పరీక్ష రాయాలా, ఇవ్వాలా, తీసుకోవాలా? ‘టేక్’ పక్కన ఏ మాట నిలుస్తుంది

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ఉద్యోగానికి ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సిన వాళ్ళకి ‘పరీక్ష’ అన్న ఒక్క మాట దగ్గరే మూడు దారులు చీలతాయి. ఇంట్లో పరీక్ష రాస్తాం. బడిలో ‘పరీఖ్యా దేబా’, అంటే పరీక్ష ఇస్తాం. ఇంగ్లీషులో ‘టేక్ ఎన్ ఎగ్జామ్’, పరీక్ష తీసుకుంటాం. కూర్చునే బల్ల అదే, ప్రశ్నపత్రం అదే, క్రియలు మాత్రం మూడు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక భాష క్రియని ఇంకో భాషలోకి ఎత్తుకెళ్ళినప్పుడే తప్పు పుడుతుంది.

ఈ తప్పులు ఎక్కువగా పడేది ‘టేక్’ దగ్గర. బడిలో దానికి ‘తీసుకొను’ అని ఒకే అర్థం రాయించి వదిలేస్తారు. నిజానికి ‘టేక్’కి సొంత బరువు చాలా తక్కువ. పక్కనున్న నామవాచకం ఏదైతే దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. బస్సు పక్కన ఎక్కడం, మాత్ర పక్కన మింగడం, ఫొటో పక్కన తీయడం, రెండు గంటల పక్కన పట్టడం. కాబట్టి క్రియ అర్థం బట్టీ పట్టడం మానేసి నామవాచకం వైపు నుంచి రావాలి. ‘మెడిసిన్’ అన్న మాట నేర్చుకున్న రోజే దాని పక్కన ఏ క్రియ నిలుస్తుందో కూడా నేర్చుకోవాలి. తెలుగులో మనం చేసేదీ అదే. గొడుగు వేసుకుంటాం, పట్టుకుంటాం. గొడుగు తొడుక్కోం. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు.

పరీక్ష, క్లాసు: అటూ ఇటూ తారుమారు

ఒడియాలో విద్యార్థి పరీక్ష ఇస్తాడు, మాస్టారు పరీక్ష తీసుకుంటారు (‘పరీఖ్యా నేబా’). ఇంగ్లీషులో సరిగ్గా తిరగబడుతుంది. విద్యార్థి ‘టేక్’, మాస్టారు ‘గివ్’. కాబట్టి ‘అవర్ సర్ టుక్ ఎ టెస్ట్ టుడే’ అంటే మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది గానీ, బయటి దేశం మనిషి మాత్రం మాస్టారే బెంచీ మీద కూర్చుని పరీక్ష రాశారనుకుంటాడు. సరైనది ‘అవర్ సర్ గేవ్ అస్ ఎ టెస్ట్’. విద్యార్థి చెప్పాల్సింది ‘ఐ టుక్ ద టెస్ట్’.

తెలుగు వైపు నుంచి వచ్చే ‘రైట్ ద ఎగ్జామ్’ సంగతి వేరు. దాన్ని పూర్తిగా తప్పనలేం. భారతదేశంలోనే కాదు, కెనడాలోనూ దక్షిణాఫ్రికాలోనూ అలా అంటారు. బ్రిటన్‌లో ‘సిట్ ఎన్ ఎగ్జామ్’ అనీ అంటారు. స్థానికంగా ‘రైట్’ అంటే ఇబ్బంది లేదు. బయటి దేశపు దరఖాస్తులో మాత్రం ‘టేక్’ భద్రం. విద్యార్థి తన పరీక్షకి ‘గివ్’ అనడం ఒక్కటే బయట ఎక్కడా పనికిరాదు. అది అర్థాన్నే తలకిందులు చేస్తుంది.

క్లాసుకీ ఇదే తిరకాసు. ‘టేక్ ఎ క్లాస్’ అంటే అమెరికా ఇంగ్లీషులో విద్యార్థి ఆ కోర్సు చదవడం. మాస్టారు క్లాసు తీసుకోవడానికి బ్రిటిష్ వాడుకలో చోటుంది గానీ, ‘టీచ్’ అంటే ఏ దేశంలోనూ అనుమానం రాదు.

మందు

ఒడియా సావాసంతో వచ్చే తప్పుల్లో ఇది ముందు నిలుస్తుంది. ఒడియాలో మందు తింటారు (‘ఔషధ ఖాఇబా’). తెలుగులో మాత్ర వేసుకుంటాం, సిరప్ తాగుతాం. అందుకే ఒకరి నోట ‘ఐ ఏట్ ద టాబ్లెట్’, ఇంకొకరి నోట ‘ఐ పుట్ ద టాబ్లెట్’ వస్తుంది. లోపలికి పోయే మందేదైనా, మాత్రయినా సిరపయినా, ఇంగ్లీషులో ‘టేక్’. ‘టేక్ వన్ టాబ్లెట్ ట్వైస్ ఎ డే ఆఫ్టర్ ఫుడ్’ అన్న చీటీని మనసులో పెట్టుకుంటే చాలు.

అయితే ఇది మింగే మందు వరకే. పూసే మందుకి ‘అప్లై’ లేదా ‘పుట్ ఆన్’. కంట్లో చుక్కలకి ‘యూజ్’ లేదా ‘పుట్ ఇన్’. సూదిమందుకి ‘గెట్’ లేదా ‘హేవ్’, అంటే ‘ఐ గాట్ ఎన్ ఇంజెక్షన్’. ‘టుక్ ట్రీట్‌మెంట్’ అని మనవైపు చాలామంది రాస్తారు. ‘గెట్ ట్రీట్‌మెంట్’ అనాలి. ఆసుపత్రి కాగితాల్లో అయితే ‘హీ ఈజ్ బీయింగ్ ట్రీటెడ్ ఫర్ మలేరియా’ అన్న తీరు బాగుంటుంది.

ఆసుపత్రిలో ‘టేక్’కి ఇంకో పనుంది. నర్సు జ్వరం చూసింది, బీపీ చూసింది అంటాం కదా, ఆ చూడటం ‘టేక్’. ‘ద నర్స్ టుక్ మై టెంపరేచర్’. ‘సా మై బీపీ’ అనకూడదు. ‘చెక్డ్’ అనొచ్చు. రక్తం తీయడం కూడా ‘టేక్’, ‘దే టుక్ ఎ బ్లడ్ శాంపిల్’.

మహారాష్ట్ర వైపు సిరోంచలోనో దెగ్లూరులోనో ఉండే తెలుగువాళ్ళకి ఈ మందు చిక్కు తక్కువ. మరాఠీలో ‘ఔషధ్ ఘేణే’ అంటే మందు తీసుకోవడమే, కాబట్టి మక్కీకి మక్కీ దింపినా సరిపోతుంది. పరీక్ష విషయంలో మాత్రం వాళ్ళకీ ‘దేణే’ (ఇవ్వడం) ఉంది, అదే గుంట.

తీయి, -కో: తెలుగులోనే ఉన్న ఆనవాళ్ళు

‘తీసుకో’ కంటే ‘తీయి’ ఎక్కువ సాయం చేస్తుందని చాలామంది గమనించరు. ఫొటో తీయి, కునుకు తీయి, రక్తం తీయి, ప్రాణం తీయి: నాలుగింటికీ ఇంగ్లీషులో ‘టేక్’. ఒడియా అలవాటుతో ‘ఫొటో ఉఠాఇబా’ని దింపి ‘లిఫ్ట్ ఎ ఫొటో’ అనేవాళ్ళు ఇక్కడ తెలుగునే నమ్ముకోవాలి. ఆ నమ్మకాన్ని మరీ సాగదీయకూడదు. సినిమా తీయడం ‘మేక్’, గొయ్యి తీయడం ‘డిగ్’, తలుపు తీయడం ‘ఓపెన్’. జెరాక్స్ తీయడానికి ‘మేక్ ఎ కాపీ’.

రెండో ఆనవాలు క్రియ చివర వచ్చే -కో. ఇది పాత ‘కొను’. కొనడమంటే ఒకప్పుడు తీసుకోవడం కూడా. ఇప్పుడు విడిగా వాడితే డబ్బిచ్చి తీసుకోవడం ఒక్కటే మిగిలింది. మాత్ర వేసుకో, నోట్సు రాసుకో, పగ తీర్చుకో, బాధ్యత తీసుకో, ఊపిరి పీల్చుకో: ఇలా పని ఫలితం చేసినవాడికే చేరే చోట తరచు ‘టేక్’ కనిపిస్తుంది. ‘టేక్ ఎ టాబ్లెట్, టేక్ నోట్స్, టేక్ రివెంజ్, టేక్ రెస్పాన్సిబిలిటీ, టేక్ ఎ బ్రెత్’. నోట్సు దగ్గర ‘రైట్ నోట్స్’ అనేస్తుంటారు. వింటూ రాసుకోవడం ‘టేక్ నోట్స్’, సొంతంగా కూర్చుని తయారుచేసుకోవడం ‘మేక్ నోట్స్’.

ఈ -కో కూడా సూచనే తప్ప సూత్రం కాదు. చొక్కా వేసుకోవడం ‘పుట్ ఆన్’, పెళ్ళి చేసుకోవడం ‘గెట్ మ్యారీడ్’. స్నానం చేయడంలో -కో లేకపోయినా ఇంగ్లీషులో ‘టేక్ ఎ బాత్’ (బ్రిటన్‌లో ‘హేవ్’). ‘డూ బాత్’ అనరు. తలస్నానానికి ‘హెడ్ బాత్’ అన్నది మనం పుట్టించిన మాట. ‘ఐ వాష్డ్ మై హెయిర్’ అంటే సరిపోతుంది.

ఇక ‘పాల్గొను’. విడదీస్తే పాలు, కొను. వంతు తీసుకోవడం. ఒడియాలో ‘భాగ నేబా’, మరాఠీలో ‘భాగ్ ఘేణే’, ఇంగ్లీషులో ‘టేక్ పార్ట్’. ఇంత చక్కగా అన్ని భాషలూ ఒక్క గీత మీద నిలబడే జంట ఇంకోటి దొరకడం కష్టం. ఎటునుంచి దింపినా తప్పు రాదు. ‘నిర్ణయం తీసుకో’ కూడా దాదాపు ఇంతే: ఒడియాలో ‘నిష్పత్తి నేబా’, ఇంగ్లీషులో ‘టేక్ ఎ డెసిషన్’. అమెరికావాళ్ళు ‘మేక్ ఎ డెసిషన్’ అంటారు, రెండూ చెల్లుతాయి. ‘యాక్షన్’ పక్కన మాత్రం ‘టేక్’ ఒక్కటే, ‘మేక్ యాక్షన్’ లేదు.

పార్ట్‌కి చుట్టమైన ‘టేక్ ప్లేస్’ దగ్గర జాగ్రత్త. జరగడం అని అర్థం. జరిగేది కర్త స్థానంలో ఉంటుంది. బరంపురం ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి జరుగుతుంది: ‘ద ఠాకురాణి యాత్రా టేక్స్ ప్లేస్ ఎవ్రీ టూ ఇయర్స్’. దీన్ని ‘వాజ్ టేకెన్ ప్లేస్’ అని కర్మణిలోకి మార్చకూడదు. ‘ద మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని నోటీసు బోర్డుల మీద కనిపిస్తుంటుంది. ‘టుక్ ప్లేస్’ చాలు.

రెండు గంటలు పట్టింది

‘నాకు రెండు గంటలు పట్టింది.’ ఒడియాలో ‘మోతె దుఇ ఘంటా లాగిలా’. రెంటిలోనూ మనిషి ‘కి’ విభక్తిలో ఉంటాడు. ఇంగ్లీషులో ఆ వాక్యం ‘టు మీ’తో మొదలుకాదు. ముందు ఖాళీ కర్త ‘ఇట్’ రావాలి. వరుస ఇది: ఇట్, టేక్ (కాలాన్నిబట్టి), మనిషి, ఎంతసేపు, టు, క్రియ. ‘ఇట్ టుక్ మీ టూ అవర్స్ టు ఫిల్ ఇన్ ద ఫారమ్.’ మనిషిని చెప్పనక్కర్లేకపోతే ఆ ఒక్క ముక్క తీసేయొచ్చు: ‘ఇట్ టేక్స్ టూ అవర్స్ టు రీచ్ గుణుపురం.’

‘ఐ టుక్ టూ అవర్స్’ తప్పు కాదు గానీ, అక్కడ ఆలస్యం మీ మీద పడుతుంది. ‘ఇట్ టుక్’ అంటే పని స్వభావమే అంత. ఆఫీసులో సంజాయిషీ రాసేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

ప్రశ్నలో మాటల వరుస తప్పేవాళ్ళు ఎక్కువ. ‘హౌ మచ్ టైమ్ ఇట్ విల్ టేక్?’ అని అడుగుతారు. ‘విల్’ ముందుకి జరగాలి: ‘హౌ మచ్ టైమ్ విల్ ఇట్ టేక్?’ లేదా ‘హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్?’

ఒడియా ‘లాగిబా’ని మొత్తంగా ‘టేక్’కి కట్టేయకండి. అది మూడు ముక్కలుగా విడిపోతుంది. కాలం లాగితే ‘టేక్’. డబ్బు లాగితే ‘కాస్ట్’, ‘ఇట్ కాస్ట్స్ ఫిఫ్టీ రుపీస్’. చలి లాగితే (‘మోతె థండా లాగుఛి’) ‘ఫీల్’, ‘ఐ ఫీల్ కోల్డ్’. తెలుగులోనూ పట్టడం గంటలకే కాదు, తుప్పుకీ చెమటకీ కూడా ఉంది. వాటికి దారులు వేరు.

మనం తీసుకున్నా ఇంగ్లీషువాళ్ళు తీసుకోనివి

కొత్త ఫోన్ తీసుకున్నాను అంటే మనకి కొన్నాననే అర్థం. ‘ఐ టుక్ ఎ న్యూ ఫోన్’ అంటే వినేవాడికి ఎవరి బల్ల మీంచో పట్టుకొచ్చినట్టుంటుంది. ‘బాట్’ లేదా ‘గాట్’ అనాలి. ఒక మినహాయింపు ఉంది. దుకాణంలో బరంపురం పట్టుచీర నాలుగైదు చూసి ఒకటి ఖాయం చేసుకునే క్షణంలో ‘ఐ విల్ టేక్ దిస్ వన్’ అనడం ఎంతో సహజం. ఇంటికొచ్చాక చెప్పేటప్పుడే ‘బాట్’.

‘టిఫిన్ తీసుకున్నారా?’ అన్న మర్యాదని ‘హేవ్ యూ టేకెన్ యువర్ బ్రేక్‌ఫాస్ట్?’ అని దింపితే పాతకాలపు వాసన వేస్తుంది. తిండికీ టీకీ ఇప్పుడు ‘హేవ్’: ‘హేవ్ యూ హాడ్ బ్రేక్‌ఫాస్ట్?’ అయితే టీలో పంచదార సంగతి అడిగేటప్పుడు ‘డూ యూ టేక్ షుగర్?’ అనడం ఇప్పటికీ ఉంది.

అడ్మిషన్ ‘గెట్’ చేస్తారు. విశ్రాంతికి ‘టేక్ ఎ రెస్ట్’ లేదా ‘గెట్ సమ్ రెస్ట్’, ఆ మధ్య ‘ఎ’ మింగేయకూడదు. ‘డోంట్ టేక్ టెన్షన్’ అన్నది మనదేశం దాటితే నడవదు, ‘డోంట్ వరీ’ చాలు. మరోవైపు ‘తప్పుగా తీసుకోకండి’కి ‘డోంట్ టేక్ ఇట్ ద రాంగ్ వే’, ‘సీరియస్‌గా తీసుకో’కి ‘టేక్ ఇట్ సీరియస్లీ’ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి.

సెలవు విషయంలో మన తెలుగే కాస్త ఇబ్బంది పెడుతుంది. సెలవు పెట్టాను కాబట్టి ‘ఐ పుట్ లీవ్’ అనేస్తాం. కాగితం పెట్టడం ‘అప్లై ఫర్ లీవ్’, ఇంట్లో ఉండిపోవడం ‘టేక్ లీవ్’ లేదా ‘టేక్ ఎ డే ఆఫ్’. ఒడియా ‘ఛుటి నేబా’ ఇక్కడ సరిగ్గా దారి చూపిస్తుంది. ‘టేక్ లీవ్’ వెనక ‘ఆఫ్’ (of), ఓ మనిషి పేరు చేరిస్తే మాత్రం అర్థం మారి వీడ్కోలు చెప్పడం అవుతుంది.

బస్సు ఎక్కడం రెండు రకాలు. మెట్లెక్కి లోపలికి పోవడం ‘గెట్ ఆన్’. ఆ బస్సులో ప్రయాణం చేయడం ‘టేక్ ద బస్’. ‘క్లైంబ్ ద బస్’ అంటే పైకప్పు మీదికి ఎక్కినట్టు.

మనిషిని తీసుకెళ్ళడం ‘టేక్’, తీసుకురావడం ‘బ్రింగ్’. ఇక్కడ తెలుగూ ఒడియా (‘నేబా’, ‘ఆణిబా’) రెండూ ఇంగ్లీషుతో దాదాపు కలిసే నడుస్తాయి, చిక్కేమీ లేదు.

వెనకా ముందూ వచ్చే చిన్న మాటలు

జంట కుదిరాక కూడా చెడేది ఇక్కడే. ‘కేర్’, ‘పార్ట్’, ‘ప్లేస్’, ‘నోట్స్’, ‘మెడిసిన్’ ముందు ‘ఎ’ రాదు. ‘ఫొటో’, ‘బాత్’, ‘నాప్’, ‘రిస్క్’, ‘బ్రేక్’ ముందు తప్పకుండా ఏదో ఒకటి ఉండాలి. ‘ఐ టుక్ ఫొటో’ కుంటుతున్న వాక్యం.

వెనక వచ్చే విభక్తికి తెలుగుని నమ్మలేం. ఒకరి మీద పగ, ఒకరి మీద జాలి: రెంటికీ ‘ఆన్’, ‘టేక్ రివెంజ్ ఆన్’, ‘టేక్ పిటీ ఆన్’. బాగానే ఉందనుకుని లెక్కల మీద ఆసక్తికి ‘ఇంట్రెస్ట్ ఆన్’ అంటే దెబ్బతింటాం, అక్కడ ‘టేక్ ఎన్ ఇంట్రెస్ట్ ఇన్’. బాధ్యతకి ‘ఫర్’, జాగ్రత్తకి ‘ఆఫ్’, అలుసు తీసుకోవడానికి (‘అడ్వాంటేజ్’) ‘ఆఫ్’, ఒకసారి చూడటానికి ‘టేక్ ఎ లుక్ ఎట్’. కాబట్టి రాసుకునేటప్పుడు క్రియ, నామవాచకం, విభక్తి మూడూ కలిపి ఒకే ముద్దగా రాసుకోవాలి.

రూపాల్లో ఎప్పుడూ వినే తప్పు ‘ఐ టేకెన్’. తెలుగు ‘తీసుకున్నాను’ ఒక్కటే రెండు పనులు చేస్తుంది కాబట్టి ఈ గందరగోళం. నిన్న, పోయినవారం లాంటి మాట ఉంటే ‘టుక్’. ‘టేకెన్’ ఒంటరిగా నడవదు, ముందు ‘హేవ్’ గానీ ‘వాజ్’ గానీ ఊతకర్రగా ఉండాలి.

నోటుపుస్తకం

గీతల పుస్తకం అడ్డంగా తిప్పి నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో నామవాచకం మాత్రం. రెండో గడిలో తెలుగు క్రియ, మూడోదాంట్లో ఒడియా లేదా మరాఠీ క్రియ, నాలుగోదాంట్లో విభక్తితో సహా పూర్తి ఇంగ్లీషు జంట. మూడు భాషలూ కలిసిన వరుస పక్కన ఏ గుర్తూ అక్కర్లేదు. ఒక భాష కలిసి ఇంకోటి కలవకపోతే, కలిసిన దాని కింద గీత పెట్టండి. ఏదీ కలవకపోతే ఎర్ర చుక్క. చదువుకోవాల్సింది ఎర్ర చుక్కలనే.

రోజుకి నాలుగు మాటలు మించి ఎక్కించుకోవద్దు. మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్ళీ చూడండి. చూసేటప్పుడు నాలుగో గడిని అరచేత్తో మూసి, నామవాచకం ఒక్కటే చూసి, గతకాలంలో పూర్తి వాక్యం పైకి అనాలి. గతకాలం ఎందుకంటే ‘టుక్’, ‘టేకెన్’ తకరారు అప్పుడే బయటపడుతుంది.

సందేహం వస్తే నిఘంటువులో ‘టేక్’ దగ్గరికి పోవద్దు. అక్కడ పేజీల కొద్దీ అర్థాలుంటాయి, మునిగిపోతారు. నామవాచకం దగ్గర వెతకండి. ఏ నామవాచకంతో ఏ క్రియలు వస్తాయో చూపే కొలొకేషన్ డిక్షనరీలు ఉన్నాయి, వాటిలో మాట కింద క్రియలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో వెతికితే జంటని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. వచ్చిన పేజీలు ఏ దేశానివో కూడా చూడండి. ‘టేక్ టెన్షన్’కి బోలెడు ఫలితాలు వస్తాయి, తీరా చూస్తే అన్నీ మనవాళ్ళు రాసినవే.

ఈ కింది ఐదూ పైకి చదివి తప్పెక్కడో పట్టండి. ‘ఐ గేవ్ మై మెట్రిక్ ఎగ్జామ్ ఇన్ మార్చ్.’ ‘టు మీ వన్ అవర్ టుక్.’ ‘షి టేకెన్ లీవ్ ఎస్టర్డే.’ ‘ద జాత్రా వాజ్ టేకెన్ ప్లేస్ లాస్ట్ ఇయర్.’ ‘మై బ్రదర్ టేక్స్ ఇంట్రెస్ట్ ఆన్ సైన్స్.’

సరైనవి వరుసగా: ‘ఐ టుక్ మై మెట్రిక్ ఎగ్జామ్ ఇన్ మార్చ్.’ ‘ఇట్ టుక్ మీ వన్ అవర్.’ ‘షి టుక్ లీవ్ ఎస్టర్డే.’ ‘ద జాత్రా టుక్ ప్లేస్ లాస్ట్ ఇయర్.’ ‘మై బ్రదర్ టేక్స్ ఎన్ ఇంట్రెస్ట్ ఇన్ సైన్స్.’ చివరిదాంట్లో ‘ఆన్’ ఒక్కటే దిద్ది ‘ఎన్’ మర్చిపోయినవాళ్ళు ఇంట్రెస్ట్ పక్కన ఎర్ర చుక్క పెట్టుకోవాలి.